ఏడు తరాల కిందటి తాతను నేను చంపిన వైనం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నలుగురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. పిల్లలంటే ఇరవై, పాతికేళ్ళవాళ్ళు. నా వయసుకు పిల్లలే. బీచి రోడ్డు వెనక వీధిలో ఒక కాఫీ హోటల్లో వారం వారం బల్ల చుట్టూ చేరి ఆట ఆడతారట. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు తలా ఒక మనిషిగా మారిపోయి "నేనిట్లా చేస్తాను, అట్లా చేస్తాను" అంటారు, అయ్యేదీ కానిదీ పాచిక తేలుస్తుంది. ఈసారి కథను ఇంగ్లీషువాళ్ళు మన పుదుచ్చేరి కోటను ముట్టడించిన కాలంలో నడపాలని వాళ్ళ ఆలోచన. కాలేజీలో ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పి రిటైరైన ముసలమ్మ ఒకతె మూలకుళంలో ఉందని ఎవరో చెబితే సలహాకు వచ్చారు. ఆ ఆటనే, ఆ ముట్టడి మీదే, ఈ ఊళ్ళోనే, వాళ్ళ అమ్మలు గౌన్లు తొడుక్కునే రోజుల్లో నేను ఆడించానని పాపం వాళ్ళకు తెలియదు. నేనూ వెంటనే చెప్పలేదు. గొప్పలు చెప్పుకునే ముందు ఎదుటివాళ్ళను కాసేపు మాట్లాడనివ్వడం నాకు అలవాటు.

సలహాలన్నీ రాసుకున్నాక, ఒక పూట మీరూ వచ్చి ఆడండి మేడమ్ అని పిలిచి, వాళ్ళలో ఒక అమ్మాయి నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. ఆటలో ఏవేవి వస్తే మీ మనసుకు కష్టమో ముందే గుర్తు పెట్టి ఇవ్వాలట. సాలెపురుగులు, నెత్తురు, ఇరుకు గదులు, దగ్గరివాళ్ళ చావు, ఇట్లా ఒక పేజీ ఉంది. "ఆట మధ్యలో ఎవరూ ఏడవకూడదు కదా మేడమ్, అందుకని" అంది ఆ పిల్ల మర్యాదగా. నాకు నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ కాగితం చూసి మళ్ళీ నవ్వాను. పిల్లలు బిత్తరపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేము ఆ ఆట ఆడిన రోజుల్లో మా ఇంట్లో ఒక మనిషి ఏడిస్తే చాలు దేవుడా అని ఇంటిల్లిపాదీ మొక్కుకుంటూ ఉన్నారని వాళ్ళకెట్లా తెలుస్తుంది?

ఆ మనిషి మా అవ్వ, నాయనను కన్నతల్లి. తాత పోయిన రోజు అవ్వ ఏడవలేదు. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, పోయినవాళ్ళ మంచీ చెడ్డా అంతా వరసగా చెప్పుకుంటూ ఏడుస్తారు. దాన్ని ఒప్పారి అంటారు. ఊళ్ళో ఎవరు పోయినా ఒప్పారి ఎత్తుకోవడానికి అవ్వ రావాల్సిందే. ఆమె గొంతు ఎత్తితే చచ్చినవాడికి బాకీపడ్డవాడు కూడా కళ్ళు ఒత్తుకునేవాడు. అట్లాంటి మనిషి సొంత మొగుడి తలకాడ గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకు చాపలు వెయ్యండని మాకు పురమాయిస్తూ ఉండిపోయింది. పదోరోజూ అంతే, పదహారో రోజూ అంతే. తర్వాత మాట తగ్గింది. తర్వాత తిండి తగ్గింది. పొద్దున లేచి కాఫీ గింజలు వేయించడం, మధ్యాహ్నం అడకత్తెర పట్టుకుని వక్కలు కత్తిరించడం, ఇంతే. ఆ వక్కలు తినే తాత లేడు, డబ్బాలు నిండిపోతున్నాయి, ఆమె కత్తిరిస్తూనే ఉంది.

"ఏడుపు లోపలే ఉండిపోతే తలకెక్కుతాది రేయ్, ఎట్టనన్నా ఏడిపించండి" అని పక్కింటి జానకత్త మా నాయనను హెచ్చరించింది. దానితో మా ఇంట్లో పెద్ద ప్రయత్నమే మొదలయింది. అమ్మ సాంబారు ఉల్లిపాయలు రెండు శేర్లు తెచ్చి అవ్వ ముందు పోసింది. అవ్వ అన్నీ తరిగి ఇచ్చింది, ఏడ్చింది అమ్మ. ఊళ్ళోకి వచ్చిన ఒక ఏడుపు సినిమాకు నాయన స్కూటరు మీద తీసుకుపోయాడు. హాలంతా ముక్కులు చీదుతుంటే అవ్వ ఇంటికొచ్చి, "ఆ పిల్ల మొదటే నిజం చెప్పేసుంటే మనం ఇంటికాడనే ఉండొచ్చు" అనింది, ఆ వారానికి అదే ఆమె మాట్లాడిన పెద్ద మాట. చివరికి కురుచికుప్పం నుంచి మాకు చేపలు తెచ్చే అంజలమ్మను పిలిపించారు. ఒప్పారిలో అవ్వకు సరిజోడు ఆమె ఒక్కతే. గంటసేపు పాడి, ఆమే ఏడ్చి, గొంతు పోగొట్టుకుని కూర్చుంది. అవ్వ ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, "రెండో తూరి రాగం దిగబెట్టినావు అంజలా" అని లోపలికి పోయింది. ఎనిమిది నెలలు ఇట్లా గడిచాయి. నాయన అన్నం ముందు కూర్చుని అవ్వ కంచం వైపే చూసేవాడు. అవ్వ చిక్కి సగమయింది. ఆమె కూడా తాత వెనకే వెళ్ళిపోతుందేమోనన్న భయం మా అందరిలోనూ ఉంది, ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు.

ఈ గోలలోకే ఆట పెట్టె వచ్చింది. ఎదురింటి మేరీ నా వయసుదే. వాళ్ళ నాన్నకు ఫ్రెంచి సైన్యంలో ఉద్యోగం. ఆ ఏడు పుట్టినరోజుకు కూతురికి అక్కడి నుంచి ఒక పెట్టె పంపించాడు. నిండా ఫ్రెంచిలో నిబంధనల పుస్తకాలు, ఎన్నెన్నో ముఖాల పాచికలు, రెక్కల పాముల బొమ్మలు. మేరీ, నేను, మా తమ్ముడు రఘు, ముగ్గురం మా ఇంటి మధ్య గదిలో ఆడేవాళ్ళం. మేము తెలుగు మాట్లాడతాం, మేరీ తమిళంలో బదులిస్తుంది, పుస్తకం ఫ్రెంచిలో ఉంటుంది, లెక్కలు ఇంగ్లీషులో వేసుకుంటాం, కాగితాల మీద తమిళ అక్షరాలతో తెలుగు రాసుకుంటాం, ఎందుకంటే తెలుగు అక్షరాలు అప్పటికి మా ఇంట్లో ఎవరికీ రావు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పక్క గదిలో నాయన విత్తనాల కొట్టుకు చెందిన వేపపిండి మూటలుండేవి. ఇప్పటికీ వేపపిండి వాసన వస్తే నా చెయ్యి పాచిక కోసం వెతుకుతుంది.

కథ నడిపేది నేనే. నేను అప్పుడు బి.ఏ. చరిత్ర మొదటి సంవత్సరం. ఆ వయసులో ఆ చదువు ఎంత పొగరు ఇస్తుందో అది చదివినవాళ్ళకే తెలుసు. రెక్కల పాములు మన ఊళ్ళో యాడుండాయని కొట్టిపారేసి, కథను ముట్టడి కాలానికి మార్చేశాను. కోట పటం గీశాను, బురుజులు లెక్కపెట్టాను, విల్లియనూరు వైపు వాకిలి ఎక్కడుండేదో లైబ్రరీలో వెతికి పట్టుకున్నాను. మొదటి రోజే ఒక శాసనం చేశాను. జరిగిన చరిత్రను ఎవరూ మార్చకూడదు, పాచిక చెప్పిందాన్ని నేను కూడా మార్చను. ఇంతలో ఇరవై ముఖాల పాచిక రఘు చేతిలోంచి జారి వీధి కాలువలో పడిపోయింది. తట్టాంచావడిలో ప్లాస్టిక్ బకెట్లు చేసే కార్ఖానాలో పనిచేసే మా మేనమామ, బకెట్ ప్లాస్టిక్‌తోనే ఎర్రటిది ఇంకొకటి చేసిపెట్టాడు. లోపల గాలి బుడగ ఏదో ఉండిపోయినట్టుంది, అది ఊరికే ఒకటి మీద పడేది. దానికీ ఒక న్యాయం ఉందని నేను వాదించేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ పాచిక గచ్చు మీద దొర్లిన చప్పుడుకు అవ్వ అడకత్తెర చేతిలో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. "దాయమా?" అని అడిగింది. చిన్నప్పుడు దాయకట్టలు ఆడినదే కదా. దాయం కాదవ్వా, ఇట్లా ఇట్లా అని రఘు చెప్పాడు. అవ్వ వచ్చి కూర్చుంది. నువ్వు ఎవరుగా ఉంటావవ్వా అని అడిగాను. "మీ తాత ఇంటోళ్ళల్లో ముత్యాలని ఒకాయన ఆ కోటకే ధాన్యం తోలినాడంట. మీ తాత చెప్తా ఉండేటోడు. ఏడు తరాల కిందట. ఆయన్ని పెట్టుకో" అనింది. అప్పటికి అవ్వ ఒకేసారి అన్ని మాటలు మాట్లాడి నెలలయింది. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయిన చప్పుడు నాకు వినబడింది.

అవ్వ ఆడిన తీరు ఏ పుస్తకంలోనూ లేదు. నేను గొంతు పెంచి ఫిరంగులు పేలుతున్నాయని చెబితే, "ఇంట్లో నీళ్ళు పట్టుండారా?" అని అడిగేది. బురుజు కూలిందంటే, "ఆ మన్ను కింద ఎవురన్నా ఉండారేమో చూడండి ముందు" అనేది. మేరీ ఫ్రెంచి దొరగా రహస్య కబురు పట్టుకుని ముత్యాలు తాత ఇంటికి వస్తే, బూట్లు బయట విప్పించి, కాళ్ళు కడిగించి, మజ్జిగ తాగిందాకా కబురు చెప్పనివ్వలేదు. ఆలోగా ఇంగ్లీషువాళ్ళు ఒక కందకం తవ్వేసుకున్నారు. రఘు గుర్రపు రౌతు. "గుర్రానికి ఉలవలు పెట్టినావా?" అని అవ్వ ప్రతి రోజూ అడిగేది. వాడు ఒకరోజు మరిచిపోయానని నిజం చెప్పి ఆ పూటంతా తిట్లు తిన్నాడు. నన్ను అడిగినవి ఇంకా చెడ్డ ప్రశ్నలు. "కోటలో ఆడోళ్ళు బయటికి యాడికి పోతారే? బాయిలు ఎన్నుండాయి? పురుడొస్తే మంత్రసాని ఉండాదా లోపల?" నాకు తెలియదు. లైబ్రరీకి పోయి వెతికేదాన్ని. పుస్తకాల్లో ఫిరంగి గుళ్ళ లెక్క ఉంది, మంత్రసాని లేదు. నాకు అవ్వ మీద చిరాకు వచ్చేది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. నా ముట్టడి అంతా వంటింటి పాలవుతోందని మేరీతో చెప్పుకున్నాను కూడా. కానీ అవ్వ ఆ నెలలో రెండో తూరి అన్నం పెట్టించుకోవడం మొదలుపెట్టింది. నాయన మా గది దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.

కథ కోటలో తిండి అడుగంటిన రోజులకు వచ్చింది. అప్పుడు నిజంగా జరిగిందే చెప్పాను. తినే నోళ్ళు తగ్గాలని ఊరి జనాన్ని కోట వాకిలి తెరిచి బయటికి తోలేశారు. బయట ఇంగ్లీషువాళ్ళు వాళ్ళను ముందుకు పోనివ్వలేదు. ఇటూ అటూ కాక, ఆడవాళ్ళూ పిల్లలూ మధ్యలో ఎండలో నిలబడిపోయారు. ముత్యాలు తాత లోపల క్షేమంగానే ఉన్నాడు, ధాన్యం తోలేవాడు కనుక అతన్ని ఎవరూ తోలలేదు. అవ్వ వక్కలు కత్తిరించడం ఆపింది. "నీళ్ళు?" అంది. లేవవ్వా, అన్నాను. "అట్టయితే కుండ ఎత్తుకో పోతాను" అంది. తుపాకులు పెట్టుకుని కాపలా ఉండారవ్వా, వద్దు అని రఘు అన్నాడు. "సుమ్మా ఉండరా" అని అవ్వ వాడి నోరు మూయించి, "నీళ్ళు తీసుకుపోయేవాణ్ణి ఎవురు కాలుస్తారు?" అంది. సరే, పాచిక వెయ్యి అన్నాను. ఒకటి పడితే తప్ప ముప్పు లేదు. ఎర్ర పాచిక ఒకటి మీద పడింది. నిబంధనల ప్రకారం ఇంకొక అవకాశం ఉంది. అవ్వ ఊది, గద్దించి, వేసింది. మళ్ళీ ఒకటి.

"గుండు తగిలింది. కోట వాకిట్లోనే పడిపోయినాడు. చచ్చిపోయినాడు" అన్నాను నేను. రఘు నా మోచెయ్యి గిల్లి, "అక్కా, గాయమని చెప్పక్కా" అని గొణిగాడు. మేరీ పుస్తకంలో వేరే దారి ఏదైనా ఉందా అని గబగబా పేజీలు తిప్పింది. నేను తల అడ్డంగా ఊపాను. శాసనం శాసనమే. ఎంత మూర్ఖురాలినో చూడండి. ఎనిమిది నెలల తర్వాత నవ్వుతున్న ముసలామె, నా ఎదుట, నా ఇంట్లో. నాకేమో చరిత్ర ముఖ్యం. అవ్వ నన్ను చూసి, "నిజంగా పోయినాడా?" అని అడిగింది. "ఆమా అవ్వా, పోయినాడు" అన్నాను. అవ్వ అడకత్తెర కింద పెట్టింది. జుట్టు ముడి విప్పుకుంది. వీధి అరుగు మీదికి పోయి, కాళ్ళు చాపి కూర్చుని, రెండు చేతులా గుండె బాదుకుని, "కోట వాకిట్లో పడిపోతివా నా సామీ" అని ఒప్పారి ఎత్తుకుంది.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఏడుపు వినబడితే వెళ్ళాలి. వెళ్ళి మెడ పట్టుకుని ముందు ఏడవాలి. పోయింది ఎవరని అడగకూడదు. అడిగితే, మీ ఇంటి చావు మాకు తెలియనే తెలియదు అన్నట్టు లెక్క. జన్మంతా మాట పడాలి. కనుక జానకత్త పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి అవ్వ మెడ మీద పడింది. ఆమెను చూసి చివరింటి కోడళ్ళిద్దరూ వచ్చారు. వచ్చిన ప్రతి మనిషీ, ముందు వచ్చినవాళ్ళకు తెలిసే ఉంటుందనుకుంది. అరగంటలో అరుగు పట్టక జనం వీధిలో కూర్చున్నారు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదని మేరీ వాళ్ళ ఇంటి నుంచి గిన్నెడు కాఫీ వచ్చింది. మగవాళ్ళు తువ్వాళ్ళు నడుముకు చుట్టుకుని గుంపుగా నిలబడ్డారు. వాళ్ళలో చొరవగలవాడెవడో డప్పుల వాళ్ళకు కబురు పంపించాడు. సాయంత్రం చేపల గంపతో వచ్చిన అంజలమ్మ గంప దించి, అవ్వకు ఎదురుగా కూర్చుని రెండో గొంతు అందుకుంది. మేము ముగ్గురం కిటికీ వెనక పాచికలు పిడికిట్లో పట్టుకుని నక్కి ఉన్నాం. మార్కెట్ నుంచి నాయన స్కూటరు మీద వచ్చాడు. ఇంటి ముందు జనాన్ని చూసి, స్కూటరు అక్కడే పడేసి, "అమ్మా!" అని అరుస్తూ గుంపును చీల్చుకుని వస్తే, ఎదురుగా వాళ్ళమ్మే కూర్చుని ఏడుస్తోంది. అవ్వ ఆయన మెడ పట్టుకుంది. ఏడవాలి కదా, నాయన కూడా ఏడ్చాడు. ఎవరి కోసమో పాపం ఆయనకూ తెలియదు.

నాకు నవ్వూ భయమూ కలిసి వస్తున్నాయి. అప్పుడు పాట చెవిన పడింది. "కుండ ఎత్తుకో పోతివే" అని మొదలుపెట్టిన అవ్వ, "పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు బోర్లించి పెడితివే, వక్క నలగలేదని నన్ను గదమాయిస్తివే, చొక్కా గుండీ ఊడింది కుట్టవే అంటివే, కుట్టకముందే లేచిపోతివే" అంటోంది. ఆ కాలంలో ధాన్యం తోలేవాడికి గుండీల చొక్కా ఎక్కడిది, తప్పు చెబుతోంది అవ్వ అని, చరిత్ర చదివిన నా బుర్రకు మొదట తట్టింది అదే. తర్వాత అర్థమయింది. కిటికీ ఊచ పట్టుకుని నేను కూడా ఏడ్చాను.

డప్పుల వాళ్ళు వచ్చి, పెద్దాయన లోపలికి తొంగి చూసి, తమిళంలో మర్యాదగా అడిగాడు, ఎత్తేది ఎప్పుడు, పోయినవారు ఎక్కడ అని. ఏడుపు ఆగిపోయింది. జానకత్త కోడళ్ళను చూసింది. కోడళ్ళు నాయనను చూశారు. నాయన ఎవరిని చూడాలో తెలియక స్కూటరును చూశాడు. అంజలమ్మ ఒక్కతే ముఖం తుడుచుకుని, అదేం ప్రశ్నయ్యా, ఈమె మొగుడు పోయినాడు, ఈమెకు ఈ రోజే పోయినాడు అనింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ మోసపోయామనుకోలేదు. ఆడవాళ్ళు అవ్వ జుట్టు ముడివేసి, ఇంకొకసారి మెడ పట్టుకుని, ఉన్న కాఫీ తాగి, డప్పుల వాళ్ళకూ పోసి, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. తలస్నానాలయ్యాక నాయన నన్ను పిలిచి, అసలు ఏం జరిగిందో చెప్పమన్నాడు. చెప్పాను. పెట్టెను సముద్రంలో వేస్తానని లేచాడు. రసం అన్నం మూడోసారి కలుపుకుంటున్న అవ్వ, తలెత్తకుండానే, "దాని మీద చెయ్యి పెట్టి చూడు" అనింది. నాయన కూర్చున్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం మళ్ళీ నా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఇప్పుడు మా వీధిలో చావు కబురు ఫోనులో వస్తుంది. ఫొటో, పేరు, వయసు, ఎత్తే సమయం, అన్నీ ఉంటాయి. చేతులు జోడించిన బొమ్మ పెట్టి మన పని మనం చూసుకోవచ్చు. పొరపాటున ఏడ్చే వీలే లేదు. మొన్నటి పిల్లలను నేను తప్పుపట్టను; వాళ్ళు మంచి పిల్లలు, ఒకరినొకరు నొప్పించకూడదని అంత జాగ్రత్త పడతారు, మేము ఎన్నడన్నా పడ్డామా? నాలాంటి కఠినాత్మురాలు కథ నడిపితే అట్లాంటి కాగితం ఉండి తీరాలి. అయినా ఆ కాగితం ఆ రోజు ఉండుంటే, అవ్వ తప్పకుండా దగ్గరివాళ్ళ చావు అన్న చోట గుర్తు పెట్టించేది, నేను ఆ వాకిలి తెరిచేదాన్ని కాదు. ఏది మేలో ఇంత వయసొచ్చీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ తనంతట తానే వచ్చి మా ముందు కూర్చుంది. నేను రాత్రంతా మనసు చంపుకుని ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. నా శాసనాన్ని నేనే తీసేస్తానని, ముత్యాలు తాతకు గాయమే తగిలిందని, బతికిస్తానని చెప్పాను. అవ్వ ఒప్పుకోలేదు. "వద్దు పాపా. ఏడ్చేసినాను. పోనీ ఆయన్ని" అనింది. "ఆయనకు పెండ్లాం ఉంటాది గదా. ఆయన పోయినంక ఆమె ఏం చేసింది? నీ బుక్కుల్లో రాసుండారా?" అని అడిగింది. రాయలేదవ్వా, అన్నాను. "అట్టయితే నేను చెప్తా, రాసుకో. ఆ కుండ అట్నే పడుండాది గదా వాకిట్లో. ముందు దాన్ని ఎత్తుకుంటాది." రఘు కొత్త కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఆమెకు పేరేం పెట్టేదవ్వా అని అడిగాను. "నా పేరే పెట్టు" అనింది.

పెన్సిలు పట్టుకుని కూర్చుండిపోయాను. ఈ ఊరిని ఏలిన ఫ్రెంచి గవర్నర్ల పేర్లన్నీ వరస తప్పకుండా అప్పజెప్పగలదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా ఆమె కలిపిన అన్నం తింటున్నాను. రఘును చూశాను, వాడూ నేల చూపులు చూస్తున్నాడు. చివరికి అడగక తప్పలేదు. "అవ్వా, నీ పేరేంది?"

అవ్వ కోప్పడలేదు. కాగితం నా వైపుకు ఇంకొంచెం జరిపింది. "అలమేలు" అనింది. "సరిగ్గా రాయి."